మేతబీళ్ళ సంరక్షణము – గ్రామ యువజనులకొక వృత్తి

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మేతబీళ్ళను, వాటినాశ్రయించి బ్రతుకు వన్యప్రాణులను కాపాడు వృత్తినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మాహ్వానించినారు. ఈ మాట వినగానే మీలో కొందరికి నవ్వు వచ్చియుండును. ప్రత్తి, మిరప పండు నేలలో ఎకరము కౌలు ఎంత పలుకుచున్నదో మీకు తెలియును. గట్టుమీది గరికకూడ మందు కొట్టించుకొనుచున్న కాలమిది. ఇట్టి చోట బీడెక్కడిది, దానికొక కాపరి యెందుకు, ఆ కాపరి పనికి చదువేమిటి అని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే.

మీ ఊరి రెవెన్యూ లెక్కలు తెప్పించి చూడుడు. ఎన్నో గ్రామములందు ఏదో ఒక సర్వే నంబరు ఎదుట "మేత పోరంబోకు" అను మాట నేటికిని కనబడును. కాగితముమీద నలుబది ఎకరములుండును. నేలమీద కొలిచినచో ఇరువదియైదే యుండవచ్చును. ఆ ఇరువదియైదింటిలో ఇరువది చిల్లచెట్ల అడవియై, మనిషి గాని పశువు గాని చొరరాకుండ నుండవచ్చును. మిగిలిన ఐదెకరములలో చెత్తకుప్పలు, మట్టి త్రవ్విన గోతులు. ఈ దృశ్యము మీ అందరికి పరిచితమే. కాగితముమీది నలుబది, నేలమీది ఐదు – ఈ రెంటి నడుమ నున్న భూమినిగూర్చియే నేడు మేము మాటలాడదలచినాము.

మొదట పశువు సంగతి చెప్పుకొందము. గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు పారు ఈ నేలలలోనే ఒంగోలు గిత్త పుట్టినది. 1904-వ సంవత్సరమున గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో నుండెను. అందుచేతనే మన పశువు విదేశములకేగి "నెల్లోరు" అను పేర స్థిరపడినది. నేడు బ్రెజిలు దేశపు మాంసపు పశువులలో అధికభాగము ఆ జాతివే. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరుగల గిత్త యొకటి 1960 దశకము మొదట అచ్చటికి వెళ్ళి, ఆ దేశపు మందలలో పేరెన్నికగన్న వంశకర్త అయినది. 2023-వ సంవత్సరమున అక్కడ ఒక నెల్లోరు ఆవు వేలములో పాలు పంచుకొనినవారు దానికి మొత్తముమీద 40 లక్షల డాలర్లకు పైగా వెల కట్టిరి. ఈ వార్త పత్రికలలో చదివి మనవారు ఎంతో సంతోషించిరి. సంతోషింపవలసినదే. కాని ఆ ఆవు తాతముత్తాతలు మేసిన బీడెక్కడ నున్నదని అడిగినవారిని మేము చూడలేదు.

ఒంగోలు పశువు ఒక్క కొట్టపు మేతతో తయారైనది కాదు. వెనుకటి సేద్యములో జొన్న వేసినచో గింజ మనిషికి, చొప్ప పశువునకు దక్కెడిది. వరికోత కాగానే పొలములో పిల్లిపెసర చల్లెడివారు, జనుము చల్లెడివారు. పైరులేని కాలమున మందలు చేలలో తిరిగెడివి. పైరున్న కాలమున బీడులో నిలిచెడివి. బీడు అనగా వానకాలమున పశువు నిలువ నీడ అన్నమాట. అటుపిమ్మట పొగాకు వచ్చినది, ప్రత్తి వచ్చినది, మిరప విస్తరించినది. ఈ పంటలను మేము తప్పుపట్టుటలేదు. మీ పిల్లల చదువులు వాటివలననే సాగినవి. అయితే ఒక్క సంగతి గమనింపుడు. ప్రత్తికట్టె పశువు తినదు. మిరపకట్టె తినదు. పొగాకు మోడు మేకకూడ ముట్టదు. ధాన్యపు పంట పోయి వ్యాపారపు పంట వచ్చినచోటనెల్ల, రూపాయి వచ్చుచున్నను చొప్ప పోవుచున్నది. చొప్ప పోయిన కొలది బీడు మీది భారము పెరుగవలెను. సరిగా ఆ కాలమునందే బీడుకూడ తగ్గిపోయినది. పశువు రెండు వైపుల నుండియు నష్టపోయినది.

ట్రాక్టరు వచ్చిన తరువాత ఎద్దెందుకు, ఎద్దు లేనప్పుడు బీడెందుకు అనువారున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. దున్నుటకు ఎద్దు అక్కరలేని ఊళ్ళు నిజముగానే పెక్కు కలవు. కాని గేదె పోలేదు, పాలకేంద్రము మూతపడలేదు. నెల్లూరు జాతి గొఱ్ఱె – పల్ల, జోడిపి, గోధుమ రంగుది – ప్రకాశం జిల్లా మెట్టలలో ఎన్నో కుటుంబములను నేటికిని పోషించుచున్నది. సెంటు భూమి లేనివాని ఆస్తి నాలుగుకాళ్ళమీద నడచుచుండును. వానికి మేత పోరంబోకు తప్ప వేరు పొలము లేదు. అది పోయినప్పుడు గ్రామసభలో మాటలాడవలసినవాడు వాడే. ఆ దినమున వాడు మంద వెంట పోయి యుండును, సభకు రాడు.

ఇక వృత్తి సంగతి. పుల్లరి అను మాట మీలో పలనాటివారికి చెప్పనక్కరలేదు. అడవిలో పశువు మేసినందుకు చెల్లింపవలసిన పన్ను అది. ఆ పన్నును నిరాకరించి 1921-22 సంవత్సరములలో పలనాటి గ్రామములు లేచి నిలిచినవి. మించాలపాడు వాసి కన్నెగంటి హనుమంతు 1922-వ సంవత్సరము ఫిబ్రవరి 22-వ తేదీన పోలీసు కాల్పులలో ప్రాణమర్పించెను. మన జిల్లాలో గడ్డికొరకు రక్తము చిందినది. అందుచేత మేత నియమము అనిన మాట వినగానే ఇక్కడివారికి కోపము వచ్చుట సహజము. మేత నియమమనగా పైనుండి వచ్చి పశువులను తోలుకొనిపోవుటయే అని మన పెద్దల అనుభవము.

ఈ సందర్భమున మరియొక దేశము ముచ్చట చెప్పెదము. అమెరికా పడమటి రాష్ట్రములలో ప్రభుత్వపు బీళ్ళు లక్షల ఎకరములు కలవు. ఎవరి పశువులు వారు ఇచ్చవచ్చినట్లు తోలుకొనిరి. 1930 దశకములో అనావృష్టి వచ్చి ఆ దేశమున మన్ను గాలికి లేచిపోయిన రోజులలో, 1934-వ సంవత్సరమున టేలరు మేతచట్టమను పేర ఒక శాసనము చేసిరి. బీడును భాగములుగా విభజించి, ఎవరెన్ని పశువులను ఏ కాలములో తోలవలెనో అనుమతిపత్రములిచ్చిరి. రుసుముకూడ పెట్టిరి. అదియు ఒక విధమగు పుల్లరియే! కాని భేదమెక్కడనున్నదనగా, ఆ ప్రాంతపు పశువుల కాపరులతోనే సలహా సంఘములేర్పరచిరి. వసూలైన రుసుములో కొంతభాగమును మరల బీడు బాగుకొరకే వెచ్చించిరి. అచ్చటను తగవులు లేకపోలేదు, నేటికిని ఉన్నవి. అయినను బీడునుగూర్చి శాస్త్రము నేర్చి, దానినే జీవనోపాధిగా చేసికొన్నవారు ఆ దేశమున బయలుదేరిరి. 1948-వ సంవత్సరమున వారికొక సంఘముకూడ ఏర్పడినది. మన దేశమున ఝాన్సీలో పచ్చికబయళ్ళ, పశుగ్రాస పరిశోధన సంస్థ 1962-వ సంవత్సరమున వెలసినది. ఐక్యరాజ్య సమితి 2026-వ సంవత్సరమును మేతబీళ్ళకు, పశుపాలకులకు అంకితమైన అంతర్జాతీయ వత్సరముగా ప్రకటించినది.

ఈ వృత్తిలోనివాడు చేయు పని యేమి? మొదటి పని లెక్క. మన నలుబది ఎకరముల బీడునే తీసికొందము. ఎకరమునకు ఏడాదికి 500 కిలోల ఎండుగడ్డి వచ్చుననుకొందము. మొత్తము 20,000 కిలోలు. అందులో సగము నేలకు విడువవలెను. లేనిచో వేరు బలహీనపడి, విత్తనము రాలక, మరుసటి యేడు గడ్డి పలుచనగును. మిగిలినది 10,000 కిలోలు. ఒక ఆవు దినమునకు సుమారు 9 కిలోల ఎండుమేత తినును. నాలుగు నెలలకు 1,080 కిలోలు. కాబట్టి ఆ బీడు నాలుగు నెలలపాటు పోషింపగలిగినది తొమ్మిది ఆవులను మాత్రమే. ఊరిలో రెండువందల పశువులున్నవనుకొనుడు. అన్నిటిని ఒక్కసారి తోలినచో ఆ పదివేల కిలోలు ఆరు దినములు చాలవు. సగము విడువక అంతయు మేపినను పండ్రెండవ దినమునకు నేల గీకుకొనవలసినదే. ఈ లెక్క ఎవరికిని ఇష్టముగా నుండదు. కాని ఈ లెక్క వేయనిదే ఏ తీర్మానము చేసినను గాలిలో మేడ కట్టినట్లే.

లెక్క తేలిన తరువాత రెండవ పని ఉపాయము. బీడును నాలుగు చెలకలుగా చేసి, తొలకరి నుండి విత్తనము రాలువరకు ఒక చెలకను మూసియుంచవలెను. మరుసటి యేడు మరియొకటి. ఆ విధముగా నాలుగేండ్లలో ప్రతి చెలకకు ఒకసారి విశ్రాంతి దొరకును. మూసిన చెలకలో గడ్డిని కోసికొనిపోనియ్యవచ్చును, పశువును తోలరాదు. కోసిన గడ్డి మందకంటె తక్కువ త్రొక్కును గదా! పలుచబడిన చోట అంజను గడ్డి విత్తనము, దానితో స్టైలో వంటి పప్పుజాతి మేతమొక్క కలిపి చల్లవలెను. వాలుకు అడ్డముగా చిన్న కట్టలు వేయవలెను. ఈ పద్ధతి నడచిన చోట మూడు నాలుగేండ్లలో ఒకటికి రెండింతలు గడ్డి వచ్చుట మేము కన్నులార చూచితిమి. అప్పుడుకూడ అది రెండువందల పశువులకు చాలదు. తక్కినది గట్టుమీది అవిసె, నీరున్నచోట పశుగ్రాసపు పైరు, మరల జొన్న – వీటినుండి రావలెను. సుబాబులు ఆకు మంచి మేతయే. కాని మన జిల్లాలలో దానిని కాగితపు మిల్లునకే పెంచుచున్నాము.

మేము ఉద్యోగములో చేరిన తొలి యేండ్లలో చేసిన పొరపాటొకటి మీకు చెప్పవలెను. ఒక మెట్ట గ్రామమున బీడు బాగుచేయు పని మాకప్పగించిరి. పై కార్యాలయము నుండి నమూనా వచ్చినది: చుట్టును కందకము త్రవ్వుడు, మొక్కలు నాటుడు, మూడేండ్లు పశువులను రానీయకుడు. అట్లే చేసితిమి. ఏబది ఎకరములు ఒక్కసారిగా మూసివేసితిమి. గ్రామపెద్దలు సంతకము చేసిరి. తొలకరి పడిన పది దినములకు కందకము రెండు చోట్ల పూడిపోయినది, మొక్కలు మేయబడినవి. మేము కోపముతో వెళ్ళి, మంద తోలుకొనిపోవుచున్న ఒక వృద్ధుని ఆపితిమి.

"ఏమి తాతా, ఊరుమ్మడి సొమ్ము ఇట్లు పాడుచేయవచ్చునా?" అంటిమి.

ఆయన కఱ్ఱమీద గడ్డము ఆనించి మమ్ము చూచెను. "అయ్యా, మీరు చెట్లు పెట్టారు, బాగానే ఉంది. చేలల్లో పైరుంది, డొంక రెండు పక్కలా ముళ్ళకంచె ఉంది. ఈ నాలుగు నెలలు నా గొఱ్ఱెలు ఎక్కడ నిలబడాలో ఆ మాటొక్కటి చెప్పండి, అక్కడికే తోలతాను" అనెను.

మావద్ద సమాధానము లేకపోయినది. సంతకము చేసిన పెద్దలలో ఒక్కరికికూడ గొఱ్ఱె లేదని మేము ఆ తరువాత తెలిసికొంటిమి. మరుసటి యేడు ఆ వృద్ధుని, మరి నలుగురు కాపరులను కూర్చుండబెట్టి, బీడును మూడు ముక్కలు చేసితిమి. ఏ ముక్క ముందు మూయవలెనో వారినే చెప్పుమంటిమి. నీరు నిలుచు పల్లమును ఆఖరున మూయవలెనని వారు చెప్పిరి. మా నమూనాలో దానినే మొదట మూసియుంటిమి. ఆ పైన కందకము త్రవ్వనక్కరలేకపోయినది. ఇంతకంటె గొప్ప విద్య మేము ఏ కళాశాలలోను నేర్వలేదని చెప్పినచో అతిశయోక్తి కాదు.

చిల్లచెట్టు మాట ఎత్తక తప్పదు. కొందరు సర్కారు తుమ్మ అందురు. ఇది మన దేశపు చెట్టు కాదు. 1877-వ సంవత్సరమున దీని విత్తనము తెప్పించి కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటించిరి. వంటచెఱకు కొరత తీరునని తలచిరి. తీరినదికూడ, పేదయిండ్లలో పొయ్యి మండినది, బొగ్గు అమ్ముకొన్నవారును కలరు. కాని పశువు దీని తియ్యని కాయ తినును, గింజ అరుగక పేడతో పడును, పడినచోటనెల్ల మొలచును. నరికినచో మోడునుండి పది కొమ్మలు వచ్చును. దీని క్రింద గడ్డి నిలువదు. బీడును తిరిగి బీడు చేయదలచినవారు వేరుమొదలుతో త్రవ్వి తీయవలెను. ఆ వెంటనే గడ్డి విత్తనము చల్లవలెను. మూడు సంవత్సరములు మొలకలు ఏరుచుండవలెను. యంత్రముతో ఒక్కసారి చదునుచేసి ఫోటో తీయించుకొన్న చోట రెండవ వానకే అది తిరిగి లేచినది.

అయితే ప్రకృతి మన తీర్పులను అంత సులభముగా ఒప్పుకొనదు. గుంటూరు పట్టణమునకు దాపుననున్న ఉప్పలపాడు మీలో పలువురు చూచియుందురు. ఊరి చెరువులందు గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు, తెల్లకంకణములు వేలకొలది వచ్చి గూళ్ళు పెట్టుకొనుచున్నవి. అవి గూళ్ళు కట్టినది చాలవరకు ఏ చెట్లమీదనో తెలియునా? నీటి నడుమ పెరిగిన ఈ చిల్లచెట్లమీదనే! బీడులో శత్రువైనది చెరువులో పురిటిమంచమైనది. అక్కడ దానిని నరికించినవాడు పక్షులను వెళ్ళగొట్టినవాడగును. కనుక ఈ వృత్తిలోనివాడు చెట్టు పేరు విని గొడ్డలి ఎత్తరాదు. ఏ చోట నున్నది, ఎవరికాధారమైనది అని చూడవలెను. ఉప్పలపాడువారు ఆ పక్షులను కొట్టలేదు, కొట్టనీయలేదు. రెట్టల వాసన, రేయింబవళ్ళు అరుపులు భరించిరి. అటవీశాఖ తరువాత వచ్చి తోడ్పడినది. నెల్లూరు ప్రాంతపు నేలపట్టులో ఇదే గూడబాతుల రెట్టతో సారవంతమైన చెరువునీరు పొలములకు పారును. రైతులు దానిని లాభముగానే ఎంచిరి.

ఇందుకు విరుద్ధమైన కథ కర్నూలు వైపు రోళ్ళపాడులో జరిగినది. నేడది నంద్యాల జిల్లాలో నున్నది. బట్టమేక పిట్టను కాపాడుటకు అచ్చటి పచ్చికబయలును 1988-వ సంవత్సరమున అభయారణ్యముగా ప్రకటించిరి. ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. పశువులను వెలుపల నుంచిరి. కృష్ణజింకలు పెరిగి వందలైనవి. చుట్టుపట్ల చేలలో పడినవి. రైతులకు కోపము వచ్చినది. కాలువ నీరు రాగా చుట్టునున్న మెట్టపంటలు మారిపోయినవి. బట్టమేక మెట్టచేలలో మిడుతలేరుకొని తినెడి పక్షి. కంచెలోపలి గడ్డి దానికి చాలలేదు. ఇటీవలి సంవత్సరములలో అది అక్కడ కనబడుటలేదు. కంచె వేసినంతమాత్రమున నివాసము రక్షింపబడదని, కంచె వెలుపలి రైతు ఏ పంట వేయునో దానిపైకూడ పక్షి బ్రతుకు ఆధారపడియుండునని ఆ బయలు మనకు నేర్పినది. ఈ విద్యకు మనము పెద్ద వెల చెల్లించితిమి.

మీలో కొందరు అడవిపందుల సంగతి ఎత్తుటకు ఎదురుచూచుచున్నారని మేమెరుగుదుము. ఒక్క రాత్రిలో అరయెకరము జొన్న పడవేసిన రైతునకు వన్యప్రాణి సంరక్షణమని ఉపన్యసించుట కష్టము. మేము చేయము. కాని పొలము చుట్టును కరెంటు తీగ లాగుట నేరము మాత్రమేకాదు. ఆ తీగకు పందికంటె ముందు తెల్లవారుజామున నీరు కట్టబోయిన పొరుగురైతు బలియగుచున్నాడు. పందికి పగటి దాపు ఊరి చిల్లచెట్ల పొదలే. బీడు శుభ్రపడి గడ్డి బయలైనచోట దానికి దాగు తావు తగ్గును. బీడు బాగుచేయుటలో చేనికికూడ లాభమున్నదని చెప్పుటకే ఈ మాట.

మరియొక లాభము ప్రత్తిరైతునకు. శనగపచ్చ పురుగు కొరకు చేలలో పక్షి వాలుటకు కొయ్యలు పాతుమని వ్యవసాయశాఖవారు చెప్పుచుందురు. పాతిన కొయ్యమీద వాలు పక్షి ఎక్కడ పుట్టవలెను? పసులపోలిగాడు, గోరువంక, పాలపిట్ట – ఇవి కొయ్యతో రావు. ఊరిలో కొన్ని పాత చెట్లు, కొంత బయలు, కొంత నీరు ఉన్నచో వచ్చును. ఎలుకలను పట్టు గుడ్లగూబయు అంతే.

ఇంతవరకు పనినిగూర్చి చెప్పితిమి. ఈ పనికి మీ ఊరి పిల్లలు ఎట్లు చేరవచ్చునో చెప్పెదము.

పదవ తరగతి తరువాత వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమువారి పశుసంవర్ధక పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లొమా కలదు. 2019 నుండి ఏర్పడిన గ్రామ సచివాలయములలో పశుసంవర్ధక సహాయకుని కొలువు ఈ చదువునకు తగినది. పశువైద్య పట్టము పొందినవారికి ముందు దారి ఇంకను విశాలము. గుంటూరు చెంత లాం ఫారములో ఒంగోలు జాతిపై పరిశోధన జరుగుచున్నది. పిల్లలను ఒక దినము తీసికొనిపోయి చూపింపుడు. వ్యవసాయ విశ్వవిద్యాలయముకూడ ఆ లాంలోనే యున్నది.

అటవీశాఖలో బీటు అధికారి, సెక్షను అధికారి, రేంజి అధికారి అను మెట్లున్నవి. ఎంపిక రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషను ద్వారా. వ్రాతపరీక్షతో తీరదు, నడక పరీక్ష కలదు. పురుషులు నాలుగు గంటలలో 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు నడువవలెను. పట్టణపు పిల్లలు దీనికై నెలల తరబడి అభ్యాసము చేయుదురు. మీ పొలముల వెంట తిరిగిన పిల్లకు ఇది భయపడవలసినది కాదు. ఆడపిల్లలు ఈ ఉద్యోగమునకు తగరను అభిప్రాయము ఇంకను కొందరు తల్లిదండ్రులలో నున్నది. యూనిఫారము ధరించి నల్లమలలో గస్తీ తిరుగుచున్న యువతులను చూచినచో ఆ అభిప్రాయము నిలువదు. ఇంకను పైకి చదువదలచినవారికి డెహ్రాడూనులో 1982-వ సంవత్సరమున స్థాపింపబడిన వన్యప్రాణి సంస్థ, ఝాన్సీలోని గ్రాస పరిశోధన సంస్థ ఉన్నవి.

ఉద్యోగములు పరిమితమని, పోటీ హెచ్చని మేము దాచము. పదిమంది చదివినచో ఒకరిద్దరికే కొలువు దొరకవచ్చును. కాని ఈ విద్య కొలువు లేకున్నను పనికివచ్చును. గడ్డి విత్తనము పెంచి అమ్ముట, పశుగ్రాసపు నర్సరీ, శాస్త్రీయముగా గొఱ్ఱెల పెంపకము – ఇవి ఊరిలో నుండియే చేయదగినవి. మంద కట్టించుకొన్న రైతు గొల్లకు ఇచ్చు కూలియు ఈ లెక్కలోనిదే. పాఠశాల చదువు చదివినవారు ఆ వృత్తిని చిన్నచూపు చూచుటయే మన లోపము.

నల్లమలను మరువరాదు. 1978-లో అభయారణ్యముగా, 1983-లో పులుల రక్షితప్రాంతముగా ప్రకటింపబడిన నాగార్జునసాగర్–శ్రీశైలము అడవిలో మార్కాపురము, దోర్నాల, యర్రగొండపాలెము వైపు చెంచు యువకులు రక్షణ శిబిరములలో కావలివారుగా పనిచేయుచున్నారు. పులి అడుగు చూచి అది ఆడదో మగదో, ఎంత సేపటి క్రిందట నడచినదో వారు చెప్పగలరు. ఈ పరిజ్ఞానమునకు పట్టములు లేవు. వేసవిలో మైదానపు మందలు అడవి అంచునకు చేరునప్పుడు తగవు వచ్చునది వీరికిని, మన కాపరులకును. బీడు ఊరిలోనే యున్నచో ఆ మందలలో కొన్నియైనను అంతదూరము పోవు.

ఇక మీ చేతులలో నున్న అధికారము. 1994-వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టము మేత పోరంబోకులను, కళ్ళములను, శ్మశానములను, బండ్లు నిలుచు తావులను, తోపులను గ్రామ పంచాయతీకి చెందజేసి, వాటి వాడుకను క్రమపరచు అధికారమునిచ్చినది. ఉమ్మడి భూముల నుండి అక్రమముగా ఆక్రమించినవారిని తొలగించు పథకములు వేయుమని 2011-వ సంవత్సరము జనవరిలో జగ్పాల్ సింగ్ కేసునందు సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించినది. 2002-వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య యాజమాన్య సంఘముండవలెను. మీ సంఘము కాగితముమీదనే యున్నదా, ఎన్నడైనను కూర్చున్నదా? అదే సంవత్సరమున వన్యప్రాణి చట్టమునకు చేసిన సవరణ వలన, గ్రామస్థులు తమంతట తాము ముందుకు వచ్చినచో ఉమ్మడి భూమిని సాముదాయిక రక్షితప్రాంతముగా ప్రకటింపవచ్చును. దాని యాజమాన్య సంఘములో కనీసము ఐదుగురిని పంచాయతీయే నియమించును; అటవీశాఖవారు ఒక్కరే యుందురు. పలనాటివారు శతాబ్దము క్రిందట కోరినది ఇంతకంటె చాల భిన్నమైనది కాదని మా అభిప్రాయము.

ఆక్రమణ తొలగించుట సులభమని మేము చెప్పము. ఆక్రమించినవాడు కొన్ని యెడల నిరుపేద. కొన్ని యెడల మీ ప్రక్కన కూర్చున్నవాడే. ఇంటిస్థలములడుగు వారికి సమాధానము చెప్పవలెను. బీడును మొదట కొలిపించుడు. కొలత తేలిన పిదప ఎవరిచేతిలో ఎంత యున్నదో గ్రామసభలో చదివింపుడు. ఎన్నో ఊళ్ళలో ఆ కాగితము చదువుటయే సగము పని చేసినది.

కాలముమాట చెప్పి ముగించెదము. ఇప్పుడు పనికి దిగువారు వేసవిలోనే సర్వేయరును పిలిపించి రాళ్ళు పాతించుకొనవలెను. చిల్లచెట్లు కాయ పండి రాలకముందే త్రవ్వించుడు. మొదటి చెలక ఏది మూయవలెనో మే నెలాఖరులోపల కాపరులనడిగి తేల్చుకొనుడు. సభ మధ్యాహ్నము పెట్టకుడు, మందలు ఇల్లు చేరిన రాత్రి పెట్టుడు. తొలకరికి విత్తనము చేతనుండవలెను. అంజను గడ్డి విత్తనము మిక్కిలి తేలిక, గాలికి పోవును. తడిమట్టితో గాని పేడతో గాని కలిపి చిన్న ఉండలుగా చేసి చల్లుడు. బడిపిల్లలచే చేయింపవచ్చును. వారిలో ఎవరు ఆ ఉండలను శ్రద్ధగా చేయుచున్నారో, మొలక వచ్చినదా అని మరునాడు తిరిగి చూడబోవుచున్నారో మీరు గమనించి, ఆ పిల్లల పేర్లు వ్రాసిపెట్టుకొనుడు. పై చదువులనుగూర్చి వారి తల్లిదండ్రులతో మాటలాడుటకు మమ్ము పిలిచినచో వచ్చెదము.